సైజు నంబరు తర్వాత, ముందు పాదం కొలవండి

పిల్లల బూట్ల దుకాణంలో కొలతలు తీసే పని నాది. రోజంతా నా చెవిన పడే మాటలు రెండు. “ఎదిగే పిల్ల కదండీ, ఒక సైజు పెద్దదే ఇవ్వండి” అన్నది మొదటిది. “కాస్త గట్టిగా ఉన్నది చూపించండి, కాలికి దన్నుగా ఉండాలి” అన్నది రెండోది. ఈ మధ్య మూడోది తోడైంది: “బేర్‌ఫుట్ బూట్లు మంచివటగా, ఉన్నాయా?” ఒట్టి కాళ్లతో నడిచినట్టే పాదం కదిలేలా చేసే బూట్లవి. చిక్కేమిటంటే, మూడో మాట అడిగినవారు మొదటి రెండింటినీ వదులుకోరు. బేర్‌ఫుట్ జతే కావాలంటారు, అదీ ఒక సైజు పెద్దది, సోలు మందంగా, అరికాలి కింద ఎత్తుగా ఉన్నది! అప్పుడిక అందులో మిగిలేది పేరొక్కటే.

అట్టపెట్టె మీద ఆ పేరు అచ్చువేసుకోవడం పెద్ద కష్టమైన పని కాదు. కాబట్టి పేరు సంగతి వదిలేసి బూటును చేతిలోకి తీసుకుని చూడండి. వేళ్ల దగ్గర పాదమంత వెడల్పు ఉండాలి. మడమ కిందా వేళ్ల కిందా సోలు మందం ఒకటే కావాలి. పిల్లల బూటుకు మడమ ఎత్తు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సోలు పలుచగా, సులువుగా వంగేదిగా ఉండాలి. లోపల అరికాలి వంపు దగ్గర ఉబ్బు ఉండకూడదు. చేతిలో పట్టుకుంటే తేలికగా అనిపించాలి. ఇవన్నీ ఉంటే పెట్టె మీద ఏ పేరున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? పెద్దల పాదంలో 26 ఎముకలుంటాయి. పసిబిడ్డ పాదంలో వీటిలో చాలా భాగం ఇంకా మృదులాస్థే. వంపుకు కీలకమైన నావిక్యులర్ అనే ఎముక గట్టిపడటం మొదలయ్యేదే సాధారణంగా రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య. ఇంత మెత్తని పాదం ఇరుకు బూటులోకి దూరితే చాలాసార్లు నొప్పి కూడా పుట్టదు, అందులోకి ఒదిగిపోతుంది. “బిగుతుగా ఉందా నాన్నా?” అని అడిగితే పిల్లవాడు “లేదు” అంటాడు. ఆ బూటు మీద తనకు నచ్చిన బొమ్మ ఉంటే ఇక చెప్పనే చెప్పడు. రంగూ బొమ్మా వాళ్ల ఇష్టానికి వదిలేయండి, సరిపోయిందో లేదో మాత్రం వాళ్లను అడిగి తేల్చుకోకండి. ఇంకో సంగతి, మామూలు బూటు ముందుకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, పసిపాదమేమో ముందుకు వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. గొడవంతా అక్కడే ఉంది.

అరికాలు చదునుగా ఉందని కంగారుపడి వంపు కింద ఎత్తున్న బూట్లే కావాలని పట్టుబట్టేవారు చాలామంది వస్తారు. చిన్నపిల్లల అరికాలిలో కొవ్వు పొర వంపును కప్పేసి ఉంటుంది. చాలామందిలో అది ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే బయటపడుతుంది. 1992లో రావు, జోసెఫ్ అనే ఇద్దరు వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల లోపు పిల్లలు 2,300 మంది పాదముద్రలను పరిశీలించి ప్రచురించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి, వాడని పిల్లల్లో 2.8 శాతం మందికి చదును పాదాలున్నాయి. ముందు భాగం మూసి ఉండే బూట్లు వాడేవారిలోనే ఎక్కువ. దీన్ని పట్టుకుని, బేర్‌ఫుట్ బూటు తొడిగితే చదును పాదం నయమవుతుందని మాత్రం అనుకోకండి. వాళ్లు చూసింది పాదముద్రలను. ఇలాంటి బూట్లు తొడిగి చేసిన పరీక్ష కాదది. నాకు అందులో పనికొచ్చేదిగా తోచింది ఒకటే: ఇంట్లో, పచ్చిక మీద, ఇసుకలో, ప్రమాదం లేని చోటల్లా బూట్లు విప్పించండి. రాళ్లు, గాజుపెంకులు, వేడి, చలి ఉన్నచోటనే బూటుకు పని. నడక ఇంకా రాని బిడ్డకైతే అసలు కొననే అక్కరలేదు. ఈ మాట చెప్పినందుకు మా యజమాని నన్ను గుర్రుగా చూస్తుంటారు.

ఇక కొలత. సాయంత్రం తీయండి, రోజంతా తిరిగిన పాదం పొద్దుటికన్నా కాస్త ఉబ్బి ఉంటుంది. గోడకు ఆనించి నేల మీద తెల్ల కాగితం పరచి, మడమ గోడకు తాకేలా బిడ్డను నిలబెట్టండి. రెండు కాళ్ల మీదా బరువు పడాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని కొలిస్తే తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువు పడ్డప్పుడు పాదం సాగుతుంది. కాగితం తగలగానే పిల్లలు వేళ్లు ముడుస్తారు. మాటల్లో పెట్టి, పైన ఏదైనా చూపిస్తే వదులుతారు. పెన్సిల్ నిటారుగా పట్టుకుని అన్నిటికన్నా పొడవైన వేలి కొసన గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కరలేదు, కొందరికి రెండో వేలు ముందుకుంటుంది. పెన్సిల్ వాలితే గీత పాదం కిందికి జరిగిపోయి కొలత తగ్గుతుంది. వేళ్ల దగ్గర బాగా వెడల్పున్న చోట అటూ ఇటూ కూడా గీతలు పెట్టి ఆ దూరం రాసుకోండి. రెండో పాదమూ కొలవండి. రెండింట్లో పెద్దదానికే బూటు.

పొడవు 158 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. దానికి 10 నుంచి 12 కలపండి. అంటే బూటు లోపలి పొడవు 168 నుంచి 170 ఉండాలి. ఆ ఖాళీలో కొంత నడిచేటప్పుడు పాదం ముందుకు జరగడానికి, మిగతాది ఎదుగుదలకు. “ఒక సైజు పెద్దది” సంగతి ఇక్కడే తేలుతుంది. యూరప్ సైజుల్లో నంబరుకూ నంబరుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. బ్రిటిష్ సైజుల్లో అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5. సరిగ్గా 12 ఖాళీ ఉన్న జతను వదిలి పై నంబరు తీసుకుంటే ఖాళీ 19, 20 దాకా పోతుంది. అప్పుడు బూటు వంగే చోటు ఒకటి, వేళ్లు వంగే చోటు ఇంకొకటి అవుతాయి. బిడ్డ తన బూటు తనకే తట్టుకుని పడుతుంది. పైగా ఒకే నంబరున్న రెండు కంపెనీల బూట్లు లోపల కొలిస్తే ఒక్కలా ఉండవు. అందుకే నంబరు కాక లోపలి పొడవెంత, వెడల్పెంత అని అడగండి. ఆ రెండూ మిల్లీమీటర్లలో చెప్పలేని చోట ఆన్‌లైన్‌లో కొనకపోవడమే మేలు.

దుకాణంలో అయితే ఇంతకన్నా సులువైన ఉపాయం ఉంది. మొన్న ఒక అమ్మమ్మగారు నాలుగేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. పాప కాలికున్న జత కొత్తదే. “ముందు నొక్కి చూశాను బాబూ, ఖాళీ బాగానే ఉంది” అన్నారు. బూటు లోపల పాదం కింద ఉండే పొరను, అంటే ఇన్‌సోల్‌ను, బయటికి లాగి నేల మీద పెట్టి, పాపను మడమ సరిచేసి దాని మీద నిలబెట్టాను. పొడవు నిజంగానే సరిపోయింది. చిటికెనవేలు మాత్రం మొత్తంగా ఇన్‌సోల్ దాటి నేల మీద ఉంది, పక్క వేలు సగం అంచు మీద. “మరి ఇదంతా లోపల ఎలా పట్టిందయ్యా?” అన్నారావిడ. పాప మేజోడు విప్పితే జవాబు దొరికింది. చిటికెనవేలు లోపలికి ఒరిగి పక్క వేలి కిందికి దూరి ఉంది, దాని బయటి అంచున ఎర్రటి చార. పాప మాత్రం ఆ బూట్లే మళ్లీ వేయమని మారాం చేసింది.

ఇన్‌సోల్ మీద నిలబడ్డప్పుడు ప్రతి వేలి చుట్టూ కాస్తైనా అంచు కనిపించాలి. పైనుంచి బొటనవేలితో నొక్కి చూసే పద్ధతిని నేను నమ్మను, నొక్కగానే పిల్లలు వేళ్లు వెనక్కి లాక్కుంటారు. ఇన్‌సోల్ సరిపోయాక కూడా ఒకసారి చెయ్యి లోపలికి పెట్టి చూడండి. కింద వెడల్పుగా ఉండి, వేళ్ల పైన కప్పు అణగారిపోయిన బూట్లు ఉంటాయి. వాటిలో గోళ్లు దెబ్బతింటాయి.

తర్వాత సోలు. ఒక వేలితో ముందు భాగాన్ని పైకి నెడితే వేళ్లు వంగే చోటే వంగాలి. రెండు చేతులా పట్టుకుని తడి గుడ్డను పిండినట్టు మెలితిప్పితే మొరాయించకుండా తిరగాలి. ఇక్కడ పెద్దలు మరిచిపోయేది ఒకటుంది. నాలుగేళ్ల పిల్ల బరువు పదిహేను, పదహారు కిలోలు. మన చేతుల బలానికే బెట్టు చేసిన సోలు ఆ కాస్త బరువుకు ఏం వంగుతుంది? బూటును బల్ల మీద పెట్టి పక్కనుంచి కూడా చూడండి. ముందు భాగం పడవలా పైకి లేచి ఉంటే వేళ్లు రోజంతా గాలిలోనే ఉంటాయి.

వెడల్పు బూటు కదా అని వదులుగా వేలాడనివ్వకండి. పాదం పైభాగాన వెల్క్రో పట్టీయో లేసో గట్టిగా పట్టి ఉంచాలి. కట్టేదేమీ లేని బూటు జారిపోకుండా ఉండాలంటే పిల్లలు వేళ్లతో దాన్ని పట్టుకుని నడవాలి. బొద్దు పాదాలైతే నోరు బాగా తెరుచుకునే రకం చూడండి, లేకపోతే ప్రతి పొద్దుటా యుద్ధమే. మేజోళ్ల సంగతి కూడా అంతే, బిగుతు మేజోడు వేస్తే బూటులో వెడల్పు ఉండీ లేనట్టే.

నడక నేర్చుకుంటున్న పిల్లలకు ఈ బూట్లకు అలవాటుపడటం అంటూ ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి మందపాటి, గట్టి బూట్లు వాడిన పదేళ్ల పిల్లవాడి సంగతి వేరు. మొదట్లో రోజుకు కాసేపు, మామూలు నడకకు మాత్రమే వేయండి. పిక్కలు నొప్పి అంటే రెండు రోజులు ఆపండి. పరుగులూ ఆటలూ తర్వాత. పలుచని సోలులోంచి నేల వేడి లోపలికి దిగుతుంది కాబట్టి మండే ఎండలో ఎక్కువసేపు నడిపించకండి.

ఒకటి నుంచి మూడేళ్ల మధ్య పాదం నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఆ తర్వాత కొన్నేళ్లు నెలకు సుమారు ఒకటి పెరుగుతుంది. చిన్నవాళ్లకు రెండు నెలలకోసారి, కాస్త పెద్దవాళ్లకు మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ కొలవండి. ఖాళీ 5 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ జత పని అయిపోయినట్టే, అది ఎంత కొత్తగా కనిపించినా సరే. అన్న వాడిన జత తమ్ముడికి వేయాలంటే సోలు ఒక పక్కకు అరిగిందేమో, ఇన్‌సోల్ మీద అన్న పాదం లోతుగా అచ్చుపడిందేమో చూడండి. అవి లేకపోతే నిక్షేపంగా వేయవచ్చు.

బిడ్డను మునివేళ్ల మీద నిలబెడితే అరికాలిలో వంపు కనిపిస్తే సాధారణంగా దిగులు అక్కరలేదు. అప్పుడూ కనిపించకపోతే, నొప్పి అంటుంటే, కుంటుతుంటే, రెండు పాదాలూ రెండు తీరులుగా ఉంటే, మూడేళ్లు దాటినా మునివేళ్ల మీదే నడుస్తుంటే వైద్యుడి దగ్గరకు వెళ్లండి, నా దగ్గరకు కాదు. వైద్యులు ప్రత్యేకమైన బూటు రాసి ఉంటే దాన్ని మీకై మీరు మార్చకండి.

కొత్త జతకు వచ్చేటప్పుడు పాతది కూడా తెండి. పాత ఇన్‌సోల్ మీద వేళ్ల అచ్చులు ముందు అంచును తాకి ఉంటే అది ఎప్పుడో చిన్నదైపోయిందని, ఒక పక్కనే నల్లబడి ఉంటే వెడల్పు చాలలేదని తెలుస్తుంది. దాన్ని చూశాక రెండో జత పెట్టె తీయడానికి నాకు అట్టే సమయం పట్టదు.