కొత్తవారి చేతికి ఎలాంటి మౌస్ ఇవ్వాలి?

కంప్యూటర్ అప్పుడే నేర్చుకుంటున్నవారికి పక్క బటన్లున్న మౌస్ ఇవ్వకండి. బొటనవేలు పొరపాటున తగిలి, చదువుతున్న పేజీ కాస్తా వెనక్కి పోతే, తప్పు తమదేనని వారు కంగారు పడతారు. 1984లో మొదటి మెకింటాష్ ఒకే బటన్ మౌస్‌తో వచ్చింది ఏ బటన్ నొక్కాలన్న తికమక ఉండకూడదనే. ఇప్పుడు అంత పొదుపు అక్కరలేదు. రెండు బటన్లు, మధ్యలో చక్రం ఉంటే చాలని నా అభిప్రాయం. ఆ చక్రం తిప్పడానికే అనుకుంటారు గానీ, బ్రౌజర్‌లో లింకు మీద పెట్టి దాన్ని నొక్కితే ఆ పేజీ కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద నొక్కితే అది మూసుకుపోతుంది. డబుల్ క్లిక్ కుదరక చేయి తడబడేవారికి మౌస్ సెట్టింగ్స్‌లో ఆ వేగాన్ని ముందే తగ్గించి ఇవ్వండి. రెండు నొక్కుల మధ్య కాస్త ఆలస్యమైనా ఫైలు తెరుచుకుంటుంది.