మన కంప్యూటర్, మన లెక్క – 4వ పాఠం: పాత ఐ7 మేలా, కొత్త ఐ3 మేలా?

పోయిన పాఠంలో కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), థ్రెడ్ల (ఒకేసారి నడిపే పని వరుసల) సంగతి చూశాం. ఈసారి రెండు ఇంటెల్ ప్రాసెసర్లను (కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్‌లను) పక్కపక్కన పెట్టి, ఏది ఎంత ముందుందో మనమే తేల్చుకుందాం. హన్మకొండలో సెకండ్ హ్యాండ్ సిస్టం కొనబోతే మీకూ ఈ మాట ఎదురుకావచ్చు: "ఐ7 ఇస్తున్న గదనే అన్నా, మళ్ల ఐ3 ఎందుకు?"

వెంటనే సంబరపడకుండా టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన ప్రాసెసర్ పూర్తి పేరు కనబడుతుంది. అక్కడ ఐ7-2600 అని ఉందనుకుందాం. నాలుగంకెల్లో మొదటిది 2, అంటే రెండో జనరేషన్. 2011 జనవరిలో వచ్చిన సరుకు. దానికి పోటీగా ఐ3-12100ను తీసుకుందాం. ఐదంకెలున్నాయి కాబట్టి మొదటి రెండూ చూడాలి: 12, అంటే పన్నెండో జనరేషన్, 2022 జనవరిలో వచ్చింది. ఐ7, ఐ3 అన్నవి ఆ జనరేషన్‌లోని హోదాలు మాత్రమే. పదకొండేళ్ల తేడా ఉన్నప్పుడు ఆ హోదాకు విలువ లేదు.

ఈ జంటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండింటికీ 4 కోర్లు, 8 థ్రెడ్లే. గిగాహెర్ట్జ్ చూస్తే ఐ7 మామూలుగా 3.4, గరిష్ఠంగా 3.8. ఐ3 మామూలుగా 3.3, గరిష్ఠంగా 4.3. గరిష్ఠ వేగంలో తేడా 13 శాతమే. కానీ ఒక్క కోర్‌తో చేసే పరీక్షల్లో కొత్త ఐ3 సుమారు రెట్టింపు స్కోరు తెస్తుంది. మిగతా బలం ఎక్కడిది?

పత్తి ఏరేటప్పుడు చేతులు ఎంత వేగంగా ఆడాయో ఎవరూ చూడరు, సాయంత్రం ఎన్ని కిలోలు తూగిందో చూసి కూలి ఇస్తారు. గిగాహెర్ట్జ్ అంటే చేతులు ఆడే వేగం. ఒక్కో విసురుకు ఎంత పని అవుతుందన్నది వేరే లెక్క. పాత ఐ7 కోర్ ఒక్కో క్లాక్‌కు, అంటే ఒక్కో విసురుకు, నాలుగు ఆదేశాలను విప్పి చదవగలదు, కొత్తది ఆరు. వరుస తప్పించి ముందే పని కానిచ్చేందుకు పాతది ఒకేసారి 168 చిన్న పనులను దగ్గర పెట్టుకుంటుంది, కొత్తది 512. ఒక్కో కోర్ సొంత ఎల్2 క్యాష్ (డేటాను చేతికి అందేలా పెట్టుకునే చిన్న మెమరీ) పాతదాంట్లో 256 కేబీ, కొత్తదాంట్లో 1.25 ఎంబీ. డేటా కోసం ర్యామ్ దాకా పోయి ఖాళీగా ఎదురుచూడటం అంత తగ్గుతుంది.

ఇక చేతితో చేసి చూద్దాం. రెండు సిస్టంలలోనూ 7-జిప్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) ఒకే వెర్షన్ వేసుకోండి, ఉచితమే. టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్, అంటే వేగం కొలిచే పరీక్ష, ఉంటుంది. డిక్షనరీ సైజు (పరీక్ష వాడుకునే మెమరీ కొలత) రెండింటిలోనూ 32 ఎంబీయే పెట్టి, ముందు థ్రెడ్లు 1, తర్వాత 8 పెట్టి నడపండి. బ్రౌజర్ మూసేయండి, విండోస్ అప్‌డేట్ నడవకుండా చూసుకోండి. ఒక్కో పరీక్ష మూడుసార్లు చేసి మధ్య అంకె రాసుకోండి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఒకదాంట్లో హార్డ్ డిస్క్, రెండోదాంట్లో ఎస్‌ఎస్‌డీ (అంతకన్నా చాలా వేగమైన డిస్క్) ఉంటే, ఏది ముందు ఆన్ అయిందో చూసి ప్రాసెసర్‌కు మార్కులు వేస్తారు. అది డిస్క్ గెలుపు. ర్యామ్ కూడా ఒకదాంట్లో ఒక్క ముక్క, ఇంకోదాంట్లో రెండు ముక్కలు ఉంటే ఫలితం ఒకవైపు మొగ్గుతుంది.

వేడి సంగతి మన ఊళ్లో అసలు మరవొద్దు. షాపులో ఏసీ కింద రెండు నిమిషాలు నడిపి చూపిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. వరంగల్ మే నెల ఎండకు, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌తో (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) అదే సిస్టం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కనీసం పది నిమిషాలు నడిపించి, టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ అంకె పడిపోతోందేమో చూడండి. అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే, పైసలు మనవి.

అంకెలు వచ్చాక పెద్దదాన్ని చిన్నదాంతో భాగించండి, తీసివేయకండి. ఒక పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కు ఒకటి 60 నిమిషాలు, ఇంకోటి 24 నిమిషాలు తీసుకుందని లెక్క కోసం అనుకుందాం. సమయం 60 శాతం తగ్గింది. వేగం మాత్రం రెండున్నర రెట్లయింది, అంటే 150 శాతం పెరిగింది. ప్రకటనల్లో ఏ శాతం చెబుతున్నారో చూసుకోవాలి.

స్కోరులో కనబడని తేడాలూ ఉన్నాయి. యూట్యూబ్‌లో 4కే వీడియో పెడితే ఐ7-2600లోని గ్రాఫిక్స్ (తెరపై బొమ్మ చూపే) భాగానికి ఆ వీడియోను కుదించిన కొత్త ఫార్మాట్లు తెలియవు, భారమంతా కోర్ల మీదే పడుతుంది. ఐ3-12100లోని గ్రాఫిక్స్ వాటిని స్వయంగా విప్పుతుంది. చివర ఎఫ్ ఉన్న ఐ3-12100ఎఫ్ మాత్రం కొనేముందు చూసుకోండి, దాంట్లో గ్రాఫిక్సే ఉండదు. మరో విషయం, విండోస్ 10కు మామూలు సపోర్ట్, అంటే ఉచిత భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో రెండో జనరేషన్ లేదు. అప్లికేషన్లు నింపడానికి, టైపింగ్‌కు ఎస్‌ఎస్‌డీ వేసిన పాత ఐ7 ఇప్పటికీ సరిపోతుంది. కానీ ఆన్‌లైన్ బ్యాంకు పనులున్న కౌంటర్‌కు దాన్ని తీసుకొమ్మని నేను చెప్పను.

ఇంటి పని: మీ సిస్టంలో వచ్చిన 8 థ్రెడ్ల స్కోరును 1 థ్రెడ్ స్కోరుతో భాగించండి. మీ ప్రాసెసర్‌కు అన్ని థ్రెడ్లు లేకుంటే, ఎన్ని ఉంటే అన్ని పెట్టండి. థ్రెడ్లు ఎనిమిదైనా ఆ జవాబు 8కి ఎందుకు చేరలేదో ఐదో పాఠంలో చూద్దాం.