తేలినీలాపురంలో ఆదికాండం చెప్పడం ఎలా

సండే స్కూల్ పిల్లలకు బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంలోని సృష్టి కథ గదిలో చార్టు పెట్టి చెప్పకండి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి పక్కనే పక్షులు వచ్చే తేలినీలాపురం ఉండగా చార్టు ఎందుకు? సెప్టెంబర్ నుంచి మార్చి దాకా అక్కడ చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి.

పొద్దున్నే వెళ్లండి. మైకు, కంజర వద్దు. సరిగ్గా గూళ్ల కింద కూర్చోబెడితే రెట్టలు పడతాయి, కాస్త ఎడంగా కూర్చోబెట్టండి. చేపల కంపుకి ముక్కు మూసుకుంటే మూసుకోనివ్వండి, అదీ సృష్టిలోదే.

మొదటి అధ్యాయంలో 31 వచనాలు. తలా ఒకటి చదివించండి. నాలుగు రోజులు చకచకా దాటేయొచ్చు. సూర్యుడు నాలుగో రోజు వస్తే మొదటి రోజు వెలుగు ఎక్కడిదని ఎవడో ఒకడు అడుగుతాడు. టెన్షన్ పడకండి. తాల్ముదు (యూదుల పాత ధర్మ వ్యాఖ్యాన గ్రంథం) నాటి యూదు పండితులూ ఇదే అడిగారని చెప్పండి, వాడు పొంగిపోతాడు.

ఐదో రోజు దగ్గర మాత్రం ఆగాలి. 22వ వచనం రెండుసార్లు చదివించి, దేవుడు మొట్టమొదట ఎవర్ని ఆశీర్వదించాడని అడగండి. అందరూ ఆదాము అంటారు. కాదు, చేపల్ని, పక్షుల్ని. మనిషి వంతు మర్నాడు వచ్చింది. ఇక తలెత్తి చూడమనండి. ఇక్కడ నేనైతే ఏమీ మాట్లాడను.

28వ వచనంలో భూమిని లోబరచుకోమని ఉంది. చాలామంది బోధకులు అక్కడే ఆగిపోతారు, నాకది నచ్చదు. రెండో అధ్యాయం 15కి వెళ్లండి: నరుణ్ని తోటలో పెట్టింది సేద్యం చేయడానికి, కాయడానికి. ఉద్దానం జీడితోటలు ఎరిగిన పిల్లలకు కాయడమంటే విడమరిచి చెప్పక్కర్లేదు. తొమ్మిదో వచనమూ చూపించండి. చెట్లు కంటికి ఇంపైనవని ముందు ఉంది, తిండికి మంచివన్న సంగతి ఆ తర్వాత ఉంది. ద్వితీయోపదేశకాండం 22:6 కూడా ఇక్కడే చదివించాలి: గూట్లో పిల్లలతో తల్లి దొరికితే తల్లిని పట్టుకోకూడదు. ఉండేలు జేబులో పెట్టుకొచ్చినవాడు ఎవడో ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఏడో రోజుకి పాఠం లేదు. కాసేపు ఊరికే కూర్చోవడమే. పెద్ద పిల్లలకైతే లేవీయకాండం 25 చెప్పొచ్చు, ఏడో ఏట పొలానికీ విశ్రాంతి ఇమ్మంటుంది.

టిఫిన్ స్టీలు డబ్బాల్లో తెచ్చుకోమనండి.

ఇంటిపని ఒకటే. ఆదాము జంతువులకు పేర్లు పెట్టాడు కదా, మీ వీధిలో కనబడే ఐదు పిట్టల పేర్లు రాసుకురమ్మనండి. ఫోన్‌లో వెతకడం కుదరదు, నానమ్మనో తాతనో అడగాలి.