పాత సీరియల్ బైండును ఇంట్లోనే విప్పి మళ్లీ కుట్టడం ఎలా?

వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను ప్రతివారం విడదీసి దాచి, కథ ముగిశాక బైండు చేయించుకున్న ఇళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వీక్లీల కాలం నాటి ఆ బైండ్లు ఇప్పుడు విరిగిపోతున్నాయి. బాగు చేస్తామని పూనుకున్న చేతుల్లో ఇంకా త్వరగా పోతున్నాయి. సెల్లోటేపు వేసినవి, ఫెవికాల్ పూసినవి, స్పైరల్ చేయించినవి, చివరికి పేజీ పేజీకీ లామినేషన్ చేయించినవి కూడా నా దగ్గరకు వచ్చాయి. మా ఇంటివీ చుట్టాలవీ కలిపి ఈ పదిహేనేళ్లలో నలభైకి పైగా బైండ్లు విప్పి కుట్టాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

అదే నవల పుస్తకంగా దొరుకుతుంది కదా అంటారు. దొరకవచ్చు. కానీ వీక్లీలో బాపు వేసిన బొమ్మలు ఆ పుస్తకంలో ఉంటాయన్న నమ్మకం లేదు. పేజీ వెనక సగంలో ఆగిపోయిన ‘ప్రమదావనం’ (మాలతీ చందూర్ నడిపిన ప్రశ్నలు జవాబుల శీర్షిక) జవాబు ఉండదు. మా అత్తగారు ప్రతి భాగం పైన నీలి సిరాతో వేసుకున్న తేదీ అసలే ఉండదు. ఇంట్లో అందరూ చదవడం పూర్తయ్యేదాకా ఒక్క పేజీ కూడా చించనిచ్చేవారు కాదట ఆవిడ.

కావలసినవి

మైదా, గట్టి నూలు దారం, తేనెమైనం ముక్క, సూది, సన్నటి దబ్బనం, కత్తెర, మెత్తని కుంచె, మెత్తటి పెన్సిలు, ఇనుప స్కేలు, నూలు నాడా ఒక మూర, రెండు అట్టలు, వెన్నుకు కాలికో గుడ్డ (బైండింగుకు వాడే నూలు గుడ్డ). అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ కానీ బ్లాటింగ్ పేపరు కానీ ఒక కట్ట. పాత పాలిస్టర్ చీర ఒకటి. బరువుకు గుడ్డ చుట్టిన ఇటుకలు నాలుగు. వీటితో పాటు పల్చగా ఉండి సులువుగా చిరగని తెల్ల కాగితం కావాలి. బొమ్మల సామాను అమ్మే దుకాణాల్లో జపాన్ టిష్యూ అని అడిగితే ఇస్తారు. అది దొరక్కపోతే పల్చటి చేతి కాగితం వాడవచ్చు. గాలిపటాల కాగితం మాత్రం వద్దు. తడి తగిలితే రంగు దిగి కథంతా గులాబీ రంగవుతుంది.

విప్పడం

ముందు పేజీలకు వరస అంకెలు వేయండి. దారం తెంపకముందే ఈ పని పూర్తి కావాలి. వీక్లీలో పేజీ అంకెలు ఏ సంచికకు ఆ సంచికవే కాబట్టి మీ బైండులో 31వ పేజీలు పది ఉండవచ్చు. ఒక్కసారి చెదిరితే కథ చదువుకుంటూ వరస పెట్టుకోవాల్సి వస్తుంది. కింది మూలలో పెన్సిలుతో చిన్నగా 1, 2, 3 అని ఆకులకు (ఒక ఆకు అంటే ముందూ వెనకా కలిపి రెండు పేజీలు) వేసుకోండి. పెన్ను వాడకండి.

మధ్యలో భాగం ఏదైనా పోయిందని తెలిసేది కూడా అప్పుడే. అలా తెలిస్తే కుట్టు ఆపి ముందు దాని కోసం వెతకండి. 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాల్లో పాత పత్రికలు ఉన్నాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ల మీద పాత సంచికలు దొరికే రోజులు కూడా ఉంటాయి. మా ఆడపడుచు తెచ్చిన బైండులో రెండు భాగాలు లేకపోతే, వాటి స్థానంలో ఖాళీ కాగితాలు కలిపి కుట్టి ఉంచాను. జిరాక్సు దొరికిన నాడు వాటి మీద అతికించాను.

తర్వాత అట్టలు లేపి, దారం తెంపి, తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. వెన్నుకు గట్టిపడిన పాత జిగురు ఉంటే గోకవద్దు. చిక్కటి మైదా జిగురే దాని మీద మందంగా పట్టించి పావుగంట ఉంచితే మెత్తబడుతుంది. చెంచా వెనక వైపుతో తుడిచేయవచ్చు. ఒక్కో ఆకునూ వరండాలో మెత్తని కుంచెతో దులపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పేరు, ఊరు రాసిన పాత లోపలి కాగితాన్ని పారేయకుండా దాచండి. కొత్త అట్ట లోపల అది మళ్లీ అతకాలి.

జిగురు

ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు పోసి, అరగంట నాననిచ్చి, సన్న సెగ మీద ఆపకుండా కలుపుతూ ఉడికించండి. తెలుపు పోయి గాజులా మెరుపు వచ్చాక దింపండి. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఒక్క ఉండ మిగిలినా పేజీ మీద గడ్డ కడుతుంది.

బైండింగ్ షాపుల్లో పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. నేను కలపను, మీరూ కలపకండి. అది విషం. పిల్లలు తిరిగే వంటింట్లోకి రాకూడదు. పైగా అందులో ఉండే రాగి, కాగితాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. ఫెవికాల్ ఎందుకు వద్దంటే, రేపు ఎవరైనా విప్పాలంటే అది ఊడి రాదు. మైదా జిగురు యాభై ఏళ్ల తర్వాత కూడా తడి తగిలితే వదులుతుంది. సెల్లోటేపు సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమరంగు మరకగా అక్షరాల మీద ఉండిపోతుంది.

అసలు పని: పట్టీలు అతికించడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. షాపుల్లో ఈ పనే చేయరు. విడి ఆకులన్నీ ఒక దొంతరగా పెట్టి, పక్కన మూడు చిల్లులు కొట్టి దారం లాగేస్తారు. దాన్ని పక్క కుట్టు అంటారు. పది నిమిషాల పని. కానీ వీక్లీ పేజీకి లోపలి అంచు వేలెడు కూడా ఉండదు. కుట్టు పోను వాక్యాల మొదళ్లు వెన్నులోకి పోతాయి. వాటిని చదవాలంటే బలంగా విప్పాలి. న్యూస్‌ప్రింట్ కలప గుజ్జుతో చేసిన కాగితం, కలపలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. బలంగా విప్పినప్పుడల్లా కుట్టు వెంబడి తెగుతుంది. మీ బైండు విరిగింది కూడా బహుశా అందుకే. మళ్లీ అదే కుట్టు వేయిస్తే ఈసారి ఇంకా లోపలికి వేస్తారు, ఇంకో వరస అక్షరాలు పోతాయి.

మా అత్తగారికి ఎనభై దాటాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక పక్కకు ఒత్తిగిలి పడుకుని చదువుతారు. పక్క కుట్టు బైండు ఇస్తే, “రెండు చేతులూ దీన్ని విప్పి పట్టుకోవడానికే సరిపోతున్నాయమ్మాయ్, పేజీ ఎవరు తిప్పుతారు?” అన్నారు. అప్పటి నుంచి పరుపు మీద పెడితే దానంతట అదే తెరుచుకుని ఉండే బైండు తప్ప ఇంకోటి కుట్టలేదు. అలా తెరుచుకోవాలంటే విడి ఆకులను రెండేసి కలిపి, మధ్యలో మడత పడేలా పట్టీ అతికించాలి.

ఎనిమిది ఆకులు ఒక కట్ట. 1వ ఆకుకు 8, 2కు 7, 3కు 6, 4కు 5 జత. ఈ జతలను కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోండి. నలభై బైండ్లు కుట్టాక కూడా నేను రాసుకునే మొదలుపెడతాను.

ఇక జపాన్ టిష్యూ నుంచి కోసుకునే పట్టీ. వెడల్పు 8 మిల్లీమీటర్లు, పొడవు పేజీ అంత. కాగితానికి నార ఒక దిక్కున ఉంటుంది. పట్టీ పొడవు ఆ నార వెంబడే ఉండాలి. చిన్న ముక్క తడిపి చూడండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం నిలువు ఎటు ఉందో నార అటు. అడ్డంగా కోసిన పట్టీ ఆరేటప్పుడు లాక్కుని వెన్ను పొడవునా అలలు తెప్పిస్తుంది. ఒకసారి అలలు వచ్చాక ఎంత బరువు పెట్టినా పోవు.

రెండు ఆకులను ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఒక మిల్లీమీటరు సందుతో పరచండి. మడిచినప్పుడు బయటికి వచ్చే వైపు పైకి ఉండాలి. పెళుసు అంచులను చేత్తో లాగకుండా, కింద పాలిస్టర్ గుడ్డ వేసి గుడ్డనే జరపండి. సిరా రాతలు ఉన్న చోట తడి చేరకూడదు. అచ్చు సిరాలో నూనె ఉంటుంది కాబట్టి నీటికి చెదరదు. చేతి రాత చెదురుతుంది. నీలి సిరా తేదీ ఉన్న పేజీకి పట్టీని తేదీకి కొంచెం కిందనే ఆపేస్తాను.

పట్టీకి జిగురు పూసి వెంటనే అతికించవద్దు. ఒక్క నిమిషం ఆగండి. పూయగానే పట్టీ నీటి తడితో తళతళలాడుతుంది. ఆ తళుకు పోయి, వేలు ఆనిస్తే అంటుకుంటూనే తడి తెలియనంతగా అయ్యాక ఎత్తి అతికించాలి. తళుకు ఉండగానే వేస్తే ఆ నీరంతా న్యూస్‌ప్రింట్ పీల్చుకుంటుంది. పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బిన చోట మెత్తబడి గోటి ఒత్తుకే చిరుగుతుంది. ఆలస్యమైతే పట్టీ అంటదు. వేసవిలో ఆ నిమిషం నలభై సెకన్లే, ముసురు పట్టిన రోజున రెండు నిమిషాలు. అందుకే కళ్లు పట్టీ మీదే ఉండాలి. ఈ పని చేసేటప్పుడు ఫోను పక్క గదిలో పెడతాను, ఫ్యాను ఆపుతాను, ఇంట్లో ఎవరూ పిలవరు.

పట్టీ వేశాక రుద్దవద్దు. పైన పాలిస్టర్ గుడ్డ ముక్క వేసి, అరచేతితో మధ్య నుంచి చివరలకు నొక్కండి. పాలిస్టర్‌కు జిగురు అంటదు, నీరు మాత్రం దానిలోంచి బయటికి పోతుంది. కిందా పైనా గుడ్డ, ఆ పైన తెల్ల న్యూస్‌ప్రింట్, చెక్క పలక, ఇటుక. పావుగంటకు తడి కాగితం తీసి పొడిది పెట్టండి. గంటకు మళ్లీ మార్చండి. ఆ రాత్రంతా బరువు కింద ఉంచండి. ఎండలో ఆరబెట్టడం, ఇస్త్రీ పెట్టె తిప్పడం పూర్తిగా మానుకోండి. పైకి ఆరినట్టు కనిపించి లోపల తడి ఉంటుంది. పట్టీని చెంపకు ఆనించి చూడండి. చల్లగా ఉంటే ఇంకా ఆరలేదు. ఆరకుండా మడిస్తే పట్టీ మడత దగ్గర సాగి, రెండు ఆకులూ ఎగుడుదిగుడవుతాయి.

రోజుకు రెండు కట్టలు, అంటే ఎనిమిది జతలు మించి చేయకండి. వంద ఆకుల బైండుకు వారం పడుతుంది. ఒక్క ఆదివారంలో ముగించాలని కూర్చున్న వాళ్లవే నా దగ్గరకు అతుక్కుపోయిన ముద్దలుగా వచ్చాయి. మా అమ్మాయి పదేళ్లప్పటి నుంచి జతలు లెక్కపెట్టి అందిస్తుంది. పట్టీ వేయడం మాత్రం పాత దినపత్రిక ముక్కల మీద యాభై సార్లు వేసి చూపించాకే తనకు అప్పగించాను. మీరూ ముందు దినపత్రిక మీదే నేర్చుకోండి.

కుట్టు, అట్ట

ఇక్కడి నుంచి తేలిక. ఆరిన జతలను మడిచి, ఒకదానిలో ఒకటి పెడితే కట్ట తయారవుతుంది. మడత మీద దబ్బనంతో ఆరు చిల్లులు: రెండు నాడా ముక్కలకు అటూ ఇటూ నాలుగు, పైన ఒకటి, కింద ఒకటి. దారానికి మైనం రాసి, లోపలి నుంచి బయటికి, నాడా మీదుగా మళ్లీ లోపలికి కుట్టుకుంటూ వెళ్లండి. కట్ట చివర చేరగానే కింది కట్ట కుట్టులోంచి సూది దూర్చి ముడి వేయండి. దారాన్ని వెన్ను వెంబడే లాగండి. పైకి లాగితే పట్టీ కోసుకుపోతుంది.

అంచులు కోయించవద్దు. మా పెద్దత్తయ్య బైండుకు ఒక షాపులో మూడు వైపులా మిషనుతో కోసి ఇచ్చారు. చూడ్డానికి నున్నగా ఉంది. పై అంచున భాగం అంకెలూ తేదీలూ అన్నీ పోయాయి. ఎగుడుదిగుడు అంచులు అలాగే ఉండనివ్వండి.

వెన్నుకు జిగురు రాసి కాలికో అతికించి, నాడా చివరలను అట్టలకు అంటించి, దాచిన పాత కాగితాన్ని లోపల వేసి, మూడు రోజులు బరువు కింద ఉంచండి.

మొదటిసారి తెరిచేటప్పుడు నడి మధ్యలో ఒక్కసారిగా తెరవకండి. బల్ల మీద వెన్ను ఆనించి, ముందు నుంచి ఐదారు ఆకులు, వెనక నుంచి ఐదారు ఆకులు, అలా రెండు వైపులా మార్చి మార్చి మధ్యకు రండి. మూలల్లోని పెన్సిలు అంకెలు చెరపకండి, మళ్లీ విప్పేవాళ్లకు కావాలి.