టీనేజ్ అబ్బాయిలకు కామెడీ సినిమా ఎంచుకోవడం ఎలా?

చిన్నపిల్లల సినిమా పెడితే పెదవి విరుస్తారు. పెద్దవాళ్ల సినిమా పెడితే మధ్యలో మనం రిమోట్ కోసం తడుముకోవాలి. అందుకని చాలామంది ట్రైలర్ చూసి, నవ్వొచ్చింది కదా అని సినిమా పెట్టేస్తారు. ట్రైలర్ ఉన్నది సినిమాను అమ్ముకోవడానికి. అది చూసి సినిమా ఎంచకండి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక టీవీ, కాస్త తీరిక ఉంటే చాలు. ఫోన్‌లో మాత్రం వద్దు, నలుగురూ కలిసి నవ్వితేనే అది కామెడీ.

మొదట వయసు చూసుకోండి. 13 ఏళ్లవాడూ 17 ఏళ్లవాడూ ఒకే సినిమాకు నవ్వరు. వాడి స్నేహితులు కూడా వస్తుంటే అందరిలోకీ చిన్నవాణ్ణి బట్టి ఎంచండి. రెండు గంటలు దాటిన కామెడీని జాబితాలోంచి కొట్టేయండి. అంతసేపు నవ్వించగలవాళ్లు అరుదు, మిగిలిన సమయాన్ని ఫైట్లతో నింపేస్తారు.

తర్వాత సర్టిఫికెట్. భారతదేశంలో 2024కు ముందు యూఏ అంటే, 12 ఏళ్లలోపు పిల్లలకైతే పెద్దవాళ్లు ఆలోచించి చూపించాలని మాత్రమే అర్థం. పద్నాలుగేళ్లవాడి సంగతి ఆ ముద్రలో ఏమీ లేదు. 2024 నిబంధనలతో అది యూఏ 7+, 13+, 16+ అని మూడయింది, కాస్త నయం. ఓటీటీలో మాత్రం 2021 ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) నిబంధనల ప్రకారం వయసు గుర్తు వేసుకునేది ఆ సంస్థే. ఇంకో చిక్కుంది. టీవీలో కత్తిరించి వేసిన సినిమా ఓటీటీలో కోతలు లేకుండా ఉండొచ్చు. టీవీలో చూశాం, ఫర్వాలేదు అనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. సినిమాల వివరాలు ఇచ్చే ఐఎండీబీ వెబ్‌సైట్‌లో పేరెంట్స్ గైడ్ అనే భాగం ఉంటుంది. ఐదు నిమిషాలు అది చదివితే పెద్ద ప్రమాదాలు తెలిసిపోతాయి.

ఇక అసలు పని. పాడుచేసేవాళ్లంతా పాడుచేసేది ఇక్కడే.

సినిమాను ముందు మీరు చూడాలి. ఒక్కరే కూర్చుని, చివరిదాకా చూడాలి. ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తే డైలాగులు పోతాయి, కామెడీలో చాలావరకు ఉన్నది డైలాగుల్లోనే. బూతులు లెక్కపెట్టే పని మీది కాదు. దానికి రేటింగులు ఇచ్చేవాళ్లున్నారు. అమెరికాలో పెద్ద బూతు ఒకటికి మించి వినబడితే సాధారణంగా పీజీ-13 (13 ఏళ్లలోపువాళ్ల విషయంలో పెద్దవాళ్లకు హెచ్చరిక) నుంచి ఆర్ (17 ఏళ్లలోపువాళ్లు పెద్దవాళ్లతోనే రావాలి)కు మార్చేస్తారు, అంత పట్టింపు. వాళ్ల లెక్కలోకి రానిది ఒకటుంది. ఎవరిని పట్టుకుని నవ్విస్తున్నారన్నది. మీరు చూడాల్సింది అదే.

డాంబికాలు పోయేవాడు బురదలో పడ్డాడనుకోండి, ఎంతసేపైనా నవ్వుకోనివ్వండి. వాడు చేసినదానికి వాడు అనుభవించాడు. నత్తి, నల్లటి ఒళ్లు, లావు, కాస్త ఆడతనం ఉన్న నడక, వీటిమీద నవ్వించే సినిమా అయితే పక్కన పెట్టేయండి. ఒక్క సీనేగా అని సర్దుకోకండి. మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని నవ్వును పరిశోధించిన రాబర్ట్ ప్రొవైన్ తేల్చాడు. గదిలో నలుగురు అబ్బాయిలున్నారు, వాళ్లలో ఒకడికి గొంతు మారుతూ కీచుమంటోంది. తెరమీద అలాంటి గొంతున్నవాణ్ణి ఆటపట్టిస్తుంటే ముగ్గురూ పడీపడీ నవ్వుతారు, వాళ్లతో పాటు వాడూ నవ్వుతాడు. మర్నాటి నుంచి ఆ పాత్ర పేరే వాడి పేరు. వాడు ఇంట్లో ఎవరికీ చెప్పడు.

రెండోది, వెంటపడటం. అమ్మాయి వద్దంటుంది, హీరో వదలడు, పక్కనున్న కమెడియన్ కొత్త కొత్త ఐడియాలిస్తుంటాడు, వెనక చిలిపి మ్యూజిక్ మోగుతుంటుంది. ఆ సీను మళ్లీ పెట్టి మ్యూట్ చేసి చూడండి. శబ్దం తీసేశాక ఆ అమ్మాయికి ఏమవుతుందోనని భయమేస్తోందా? అయితే ఆ సినిమా వద్దు. ఎంత పెద్ద హిట్టయినా వద్దు.

మోటుతనం వేరు, క్రూరత్వం వేరు. గ్యాసు జోకులకు, వాంతులకు మీ ముఖం చిట్లుతుందని నాకు తెలుసు. పదమూడేళ్లవాడికి అంతకన్నా ఆనందం లేదు, దానివల్ల పోయేదీ ఏమీ లేదు, వదిలేయండి. ‘మా కాలం కామెడీలు ఎంత శుభ్రంగా ఉండేవో’ అంటూ పాత సినిమా తీస్తారు చూడండి, వాళ్లతోనే నాకు పేచీ. యూ సర్టిఫికెట్ ఉంటుంది, ఒక్క బూతు ఉండదు. భార్య చెంప ఛెళ్లుమనిపిస్తే మాత్రం హాలంతా నవ్వాలి! నన్నడిగితే గ్యాసు జోకే మేలు.

పాతది చూపించి తీరాలనుకుంటే మూకీల దాకా వెళ్లండి. అమెరికా మూకీల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ నటించిన ‘సేఫ్టీ లాస్ట్!’ 1923 నాటిది, గంటంపావు లోపే అయిపోతుంది. మేడ గోడ పట్టుకుని పైకి పాకుతూ గడియారం ముల్లుకు వేలాడేది అందులోనే. మూకీనా అని మొహం ముడుచుకుంటే ఒక్కమాట చెప్పండి. 1919లో ఫొటో స్టూడియోలో ఉత్తుత్తి బాంబు అనుకున్నది చేతిలో పేలి అతని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి, ఆ పాకడమంతా ఆ తర్వాతే. ఇక తెరమీంచి కళ్లు తిప్పరు.

నీతి కామెడీలు మాత్రం తేకండి. హీరో మారిపోయి అందరికీ క్షమాపణ చెప్పే సినిమాను పది నిమిషాల్లో పసిగట్టేసి ఫోన్లు తీస్తారు.

చూపించేటప్పుడు పెద్ద పనేమీ లేదు. మీరు ముందే చూసి ఓకే అనుకున్నవి రెండు పెట్టండి, వాటిలో ఏదో వాణ్ణే ఎంచుకోనివ్వండి. పరభాషా చిత్రమైతే డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్సే. డబ్బింగ్‌లో జోకులు మారిపోతాయి, మీరు చూసిందీ వాళ్లు వినేదీ ఒకటి కాకుండా పోతుంది. మధ్యలో ఆపి ‘చూశావా, అలా చేయకూడదు’ అనకండి. రిమోట్ వాడి చేతికే ఇచ్చేయండి. ఇరవై నిమిషాలైనా ఒక్క నవ్వూ వినబడకపోతే, ఎంచిన శ్రమంతా మరిచిపోయి రెండోది పెట్టించండి.