కేసు ఫైలు నుంచి కౌన్సిల్ మీటింగ్ దాకా: మా ఆతే నేర్పిన దారి

సోషల్ వర్క్ చేయాలనుంది, మనవాళ్లకు పనికొచ్చేది ఏదైనా చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని బే ఏరియాలోని తెలుగమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. వాళ్లకు నేను మా సూపర్‌వైజర్ నడిచిన దారి చెబుతాను. ఆమెది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చి, ఫిలిపినో కుటుంబాలు ఎక్కువగా ఉండే డేలీ సిటీలో స్థిరపడ్డారు. ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆమెను ఆతే అనే పిలుస్తారు, అంటే అక్క. తన పేరు రాయొద్దన్నారు, అందుకే ఇక్కడ కూడా ఆతే అనే రాస్తున్నాను.

ఆమె పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ముందు కేసు, తర్వాతే కమిటీ. ఒక్కో ఇంటి కష్టాన్ని పట్టుకుని చివరిదాకా తేల్చిన వాళ్లకే నలుగురి తరఫున మాట్లాడే అర్హత వస్తుందని ఆమె నమ్మకం. ఆమె దగ్గర పనిచేశాక నాకూ అదే నమ్మకం కుదిరింది. మన సంఘాల్లో చాలామంది నేరుగా వేదిక ఎక్కాలని చూస్తారు. ఆ తొందర మీకు లేకపోతే ఇక్కడినుంచి చదవండి.

ముందు చదువు సంగతి. ఫిలిప్పీన్స్‌లో 1965 నుంచే సోషల్ వర్కర్లకు ప్రభుత్వ లైసెన్స్ ఉంది. రిపబ్లిక్ యాక్ట్ 4373 అనే చట్టం ప్రకారం డిగ్రీ చదివి, 1,000 గంటలు ఫీల్డ్‌లో పనిచేసి, బోర్డు పరీక్ష రాయాలి. ఆతే అవన్నీ పూర్తిచేసి, సంక్షేమ శాఖలో ఉద్యోగం కూడా చేసి వచ్చారు. అమెరికాలో ఆ లైసెన్స్ చెల్లదు. అయినా చదివిన చదువు వృథా పోదు. కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ అనే సంస్థలో విదేశీ సోషల్ వర్క్ డిగ్రీలను పరిశీలించి, ఇక్కడి డిగ్రీకి సమానమో కాదో తేల్చే విభాగం ఉంది. సమానమని తేలితే కొన్ని యూనివర్సిటీల్లో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ) కాలం తగ్గవచ్చు. ఫీజు కట్టే ముందే ఆ సంగతి అడ్మిషన్ ఆఫీసులో అడగండి. మనలో ఎక్కువమంది ఇంజనీరింగో, బీఎస్సీనో చేసి ఉంటారు. దానికి కంగారు పడక్కర్లేదు, ఎం.ఎస్.డబ్ల్యూ.కి సాధారణంగా ఏ బ్యాచిలర్ డిగ్రీ అయినా సరిపోతుంది. పూర్తి కోర్సు మామూలుగా రెండేళ్లు, అందులో కనీసం 900 గంటలు ఫీల్డ్ పని. సాయంత్రం క్లాసులతో మెల్లగా చదివే వీలు కూడా చాలాచోట్ల ఉంది. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఫీల్డ్ పనికి ఒప్పుకునే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోండి. జీతం లేకపోయినా కొన్ని పనులు వీసా నిబంధనల కిందికి వస్తాయి.

చదువుకు డబ్బు కూడేదాకా ఆతే కేర్‌గివర్‌గా పనిచేశారు. ముసలివాళ్లను లేపడం, స్నానం చేయించడం, మందులు గుర్తుచేయడం. ఇలాంటి ఉద్యోగాన్ని రెజ్యూమెలో దాచేవాళ్లను చూశాను. దాచకండి. ఒక వృద్ధురాలి ఇంట్లో రాత్రంతా మేలుకున్న మనిషికి తెలిసిన విషయాలు ఏ పుస్తకంలోనూ ఉండవు.

డిగ్రీ తర్వాత క్లినికల్ లైసెన్స్, అంటే సొంతంగా థెరపీ చేయడానికి కావలసిన లైసెన్స్, కావాలంటే కాలిఫోర్నియాలో దాన్ని ఇచ్చే బోర్డ్ ఆఫ్ బిహేవియరల్ సైన్సెస్‌లో అసోసియేట్‌గా నమోదు కావాలి. సూపర్‌విజన్ కింద 3,000 గంటలు, కనీసం 104 వారాలు, ఆపైన రెండు పరీక్షలు. డిగ్రీ వచ్చిన 90 రోజుల్లోపు అప్లికేషన్ పెట్టి, పనిచేసే చోట వేలిముద్రల తనిఖీ ముందే అయిపోయి ఉంటే, రిజిస్ట్రేషన్ నంబర్ రాకముందు చేసిన గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఈ ఒక్కటీ తెలియక నెలల పని పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. కేస్ మేనేజ్‌మెంట్‌కీ, చాలా కౌంటీ ఉద్యోగాలకూ ఈ లైసెన్స్ అవసరం లేదు. అయినా తెచ్చుకోండి అంటాను. రేపు మన భాష వచ్చిన అమ్మాయి ఒకరు గంటల కోసం సూపర్‌వైజర్‌ని వెతుక్కుంటుంటే మీరు ఉండాలి కదా.

ఇక అసలు పని. కేసు పని ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. చెప్పులు బయట విప్పుతాం, లోపలికి వెళ్తాం, కూర్చోకముందే తినమంటారు. ఫిలిపినో ఇళ్లలో పెద్దవాళ్లు తమ కష్టాన్ని బయటివాళ్లకు చెప్పరు. వాళ్లు హియా అని పిలిచే ఆ సిగ్గు, పరువు పట్టింపు మనవాళ్లకు కొత్తేం కాదు. మీకేమైనా సాయం కావాలా అని అడిగితే, ఏం వద్దమ్మా, బాగానే ఉన్నాం అనే జవాబే వస్తుంది. ఆతే ఆ ప్రశ్న అసలు వేయరు. పొద్దున్న లేచినప్పటి నుంచి ఏం జరుగుతుందో చెప్పమంటారు. మంచం మీంచి ఎవరు లేపుతారు? బాత్రూమ్ దాకా ఎవరు పట్టుకుంటారు? మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? తల్లిని చూసుకోవడానికి కూతురు ఉద్యోగం మానేసిందని, అద్దె కష్టంగా ఉందని ఆ మాటల్లోనే బయటపడుతుంది.

ఇలాంటి ఇంటికి కాలిఫోర్నియాలో ఐ.హెచ్.ఎస్.ఎస్. అనే పథకం ఉంది. మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న వృద్ధులకు, వికలాంగులకు ఇంట్లో సాయం చేసే మనిషికి గంటల లెక్కన జీతం ఇస్తారు. ఆ మనిషి సొంత కూతురైనా ఫరవాలేదు. నెలకు గరిష్ఠంగా 283 గంటలు. ఎన్ని గంటలు ఇవ్వాలో కౌంటీ సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చూసి నిర్ణయిస్తారు. సరిగ్గా అక్కడే పరువు అడ్డొస్తుంది. అధికారి ముందు పెద్దావిడ మంచి బట్టలు కట్టుకుని, అన్నీ నేనే చేసుకుంటాను అనేస్తుంది. గంటలు తగ్గిపోతాయి. అందుకే ఆతే ముందుగానే కూతురి చేత ఒక వారం రోజుల డైరీ రాయిస్తారు. ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది, ఎప్పుడు పడబోయింది. ఒక్క ముక్క ఎక్కువ రాయొద్దంటారు, ఒక్క ముక్క తగ్గించొద్దని కూడా అంటారు. గంటలు తక్కువ వచ్చాయనిపిస్తే నోటీసు మీద ఉన్న గడువులోపు అప్పీలు చేసుకోవచ్చు. ఆ నోటీసు కాగితాన్ని పారేయొద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పండి.

భాష విషయంలో ఒక జాగ్రత్త. ఫిలిపినో అనగానే తగలోగ్ మాట్లాడే దుబాసీని పిలిచేస్తారు. ఇలోకానో మాట్లాడేవాళ్లు ఉంటారు, విసయన్ భాషలవాళ్లు ఉంటారు. ఆతే ఇంట్లో మాట్లాడేది హిలిగాయ్‌నోన్. అడిగి తెలుసుకోండి. పదేళ్ల మనవడి చేత బామ్మగారి జబ్బు గురించి అనువాదం చేయించకండి. ఇంకో మాట, పిల్లల మీదా వృద్ధుల మీదా హింస జరుగుతోందని అనుమానం వస్తే సోషల్ వర్కర్ రిపోర్ట్ చేసి తీరాలి. పిల్లల విషయంలో వెంటనే ఫోన్, 36 గంటల్లో రాతపూర్వక రిపోర్ట్. ఈ సంగతి కుటుంబానికి మొదటి రోజే చెప్పేయాలి.

కేర్‌గివర్ల జీతాల కేసులు ఇంకా కష్టం. యజమాని ఇంట్లోనే ఉంటూ పగలూ రాత్రీ పనిచేసే ఆడవాళ్లకు నెలకింత అని చేతిలో పెట్టి ఊరుకుంటారు. కాలిఫోర్నియాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, వ్యక్తిగత ఇళ్లలో ఇలా పనిచేసేవాళ్లకు రోజుకు 9 గంటలు, వారానికి 45 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. వీసా ఉన్నా లేకపోయినా లేబర్ కమిషనర్ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా మూడేళ్ల వెనక దాకా బకాయి అడగవచ్చు. అయితే ఆ మనిషి నోరు విప్పదు. వచ్చిన కొత్తలో యజమానురాలే గది ఇచ్చింది, ఆ రుణం ఎలా మరిచిపోతాను అంటుంది. ఆతే ఆమెతో వాదించరు, ఫిర్యాదు చేయమని ఒత్తిడి చేయరు. ఒక నోట్‌బుక్ ఇచ్చి పని గంటలు మాత్రం రోజూ రాసుకోమంటారు. కృతజ్ఞత చూపించుకో, లెక్క మాత్రం లెక్కే అంటారు. నిర్ణయం ఆమెదే. నిర్ణయించుకున్న రోజున చేతిలో ఆధారం ఉంటుంది.

ఇక్కడినుంచి నాయకత్వం ఎలా వస్తుందో చెబుతాను. ఆతే దగ్గర కేసు ఫైళ్లతో సంబంధం లేని ఒక పుస్తకం ఉంటుంది. అందులో పేర్లుండవు, చిరునామాలుండవు. ఏ నెల, ఏ రకం సమస్య, ఏ కౌంటర్ దగ్గర ఆగింది, అంతే. ఒకే సమస్య వేర్వేరు ఇళ్లనుంచి పదేపదే వస్తుంటే అది ఆ ఇళ్ల తప్పు కాదు, ఏదో పద్ధతి తప్పని అర్థం. అప్పుడు దాన్ని మీటింగ్‌కు తీసుకెళ్తారు. ఒకసారి అలా తీసుకెళ్లింది నోటీసుల గురించి. ఇంగ్లిష్‌లో వచ్చిన ఉత్తరాలు అర్థంకాక ముసలివాళ్లు గడువులు దాటిపోతున్నారు. ప్రభుత్వ ఆఫీసులు ప్రజల భాషల్లో సేవలందించాలని చెప్పే డైమలీ-అలటోరే చట్టం కాలిఫోర్నియాలో 1973లోనే వచ్చింది. ఆతే ఆ చట్టం పేరు, తన పుస్తకంలోని లెక్క, ఒక్క కోరిక పట్టుకుని వెళ్లారు.

మాట్లాడే పద్ధతి ఇదీ. బ్రౌన్ యాక్ట్ అనే కాలిఫోర్నియా చట్టం ప్రకారం సిటీ కౌన్సిల్, కౌంటీ బోర్డు మామూలు మీటింగుల అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి, ప్రజలకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. సాధారణంగా మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఒక్క సమస్యే చెప్పండి. ఏం కావాలో మొదటి వాక్యంలోనే చెప్పండి. క్లయింట్ కథ ఆమె ఒప్పుకుంటే తప్ప, ఆనవాలు దొరికేలా చెప్పకండి. ఆమె తనే వచ్చి మాట్లాడతానంటే మీ సమయం కూడా ఆమెకే ఇవ్వండి, దుబాసీని ముందే అడిగి పెట్టించండి. టెన్షన్ అందరికీ ఉంటుంది, కాగితం చూసి చదివినా తప్పు లేదు.

కొత్తగా చేరినవాళ్లకు ఆతే చరిత్ర కూడా చెబుతారు. 1933లో ఒక కోర్టు ఫిలిపినోలు తెల్లజాతి స్త్రీలను పెళ్లాడవచ్చని తీర్పిస్తే, కాలిఫోర్నియా శాసనసభ చట్టాన్నే మార్చి దాన్ని ఆపేసింది. ఆ నిషేధం 1948 దాకా ఉంది. పొలాల్లో పనిచేసిన ఎంతోమంది పెళ్లీ పిల్లలూ లేకుండానే ముసలివాళ్లయ్యారు. 1965 సెప్టెంబర్ 8న డెలానోలో ద్రాక్షతోటల సమ్మె మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఈ ఫిలిపినో కూలీలే. మెక్సికన్ అమెరికన్ కూలీ నాయకుడు సీజర్ చావెజ్ సంఘం తర్వాత వచ్చి కలిసింది. సమ్మె గెలిచాక వాళ్లు ఆ ఒంటరి వృద్ధులను మరిచిపోలేదు. వాళ్ల కోసం డెలానోలో అగ్బయానీ విలేజ్ కట్టారు, 1974లో తెరిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి వృద్ధులే ఉండే ఇంటర్నేషనల్ హోటల్‌ను మాత్రం 1977 ఆగస్టు 4న పోలీసులు ఖాళీ చేయించారు. అదే చోట వృద్ధుల ఇళ్లతో కొత్త భవనం 2005లో లేచింది. అన్నేళ్లు ఎవరో పట్టు వదలకుండా మీటింగులకు వెళ్తూనే ఉన్నారు. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం ఫిలిపినోలకూ భారతీయులకూ ఒకేసారి పౌరసత్వ హక్కు ఇచ్చిందని, ఏడాదికి చెరో వందమందికి ప్రవేశం కల్పించిందని నాకు ఆమె చెప్పేదాకా తెలియదు. ఈ దారి మనది కూడా.

సంఘాల విషయానికొస్తే, ఫిలిపినోలలో ఒక్కో ప్రావిన్స్‌కూ ఒక్కో అసోసియేషన్ ఉంటుంది. ఎన్నికల గొడవలు, చీలికలు మనకు తెలిసినవే. ఆతే సలహా, ప్రెసిడెంట్ పదవికి కాకుండా ట్రెజరర్ పదవికి ముందుకు రండి. లెక్కలు తెలిస్తే సంస్థ తెలుస్తుంది. పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్షలేని సంస్థ ఏటా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్.కు ఫారం 990 అనే వార్షిక లెక్కల పత్రం వేయాలి. వరసగా మూడేళ్లు వేయకపోతే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటేయండని ఆ సంస్థ పేరుతో చెప్పకూడదు. సమస్యల మీద మాత్రం మాట్లాడవచ్చు. రెండో సంగతే చాలామందికి తెలియదు, అందుకే నోరు మూసుకుని కూర్చుంటారు.

క్లయింట్లు మీ చర్చిలోనో గుడిలోనో, కూరగాయల షాపులోనో ఎదురవుతారు. వాళ్లు పలకరిస్తే పలకండి, మీ అంతట మీరు పలకరించకండి. పక్కన ఉన్నవాళ్లకు మీరెవరో తెలిసి ఉండవచ్చు. క్లయింట్ దగ్గర వడ్డీకైనా, చేబదులుకైనా డబ్బు తీసుకోవద్దు, ఇవ్వొద్దు. రాత్రి ఫోన్లకు ఒక హద్దు పెట్టుకోండి, అత్యవసర నంబర్లు ముందే ఇచ్చి ఉంచండి.

కౌంటీ కమిషన్‌లో సీటు గురించి ఆలోచించడం ఇదంతా కొన్నేళ్లు చేశాకే. వృద్ధుల కమిషన్, మానసిక ఆరోగ్య బోర్డు లాంటివి చాలా కౌంటీల్లో ఉంటాయి. మ్యాడీ యాక్ట్ అనే కాలిఫోర్నియా చట్టం ప్రకారం వచ్చే ఏడాది ఏ సీట్ల గడువు ముగుస్తుందో ఆ జాబితాను ప్రతి ఏడూ డిసెంబర్ 31లోపు సిద్ధం చేయాలి. మీ సిటీ, కౌంటీ వెబ్‌సైట్లలో వెతకండి, దొరకకపోతే క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. ఒక్కో సీటుకు ఏ అర్హతలు కావాలో అందులోనే ఉంటుంది. అప్లికేషన్ పెట్టే ముందు ఆ కమిషన్ మీటింగులకు కొన్ని నెలలు వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ఎవరు ఏం అడుగుతున్నారో, మీ పుస్తకంలోని ఏ సమస్య అక్కడ అసలు ప్రస్తావనకే రావడం లేదో రాసుకోండి. అప్లికేషన్‌లో ఎందుకు చేరాలనుకుంటున్నారని అడిగే చోట ఆ సమస్యనే రాయండి.