వెనక బండి పాఠాలు – 6: ట్రైలర్ తోకకు బోటు కట్టాలనుకుంటే

పోయిన పాఠంలో ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) నొగ, అంటే బండికి తగిలించే దాని ముందు కొన, బరువు కొలవడం నేర్చుకున్నాం. మనిషి ఎక్కి తూచుకునే బాత్‌రూమ్ త్రాసు మీద చెక్క ఒక కొన, ఇటుక మీద రెండో కొన, మధ్య దూరం మూడడుగులు. ఇటుకకు అడుగు దూరంలో నొగ దించి, త్రాసు చూపిన అంకెను మూడుతో గుణించాం. ఆ లెక్క రాసుకున్న నోట్‌బుక్ ఇవాళ బయటికి తీయండి.

వేసవి మొదలవగానే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎలాగూ ట్రైలర్ లాక్కెళ్తున్నాం కదా, దాని వెనక చిన్న బోటు కూడా తగిలిస్తే పోలా?"

నా మాట ముందే చెప్పేస్తాను. పికప్ ట్రక్కు వెనక ఉండే ఇనుప గుండుకి, అంటే బాల్‌కి, తగిలించే మామూలు ట్రావెల్ ట్రైలర్ అయితే దాని వెనక బోటు కట్టకండి. ఫిఫ్త్ వీల్ (ముందు భాగం ట్రక్కు తొట్టిలో కూర్చునే ట్రైలర్) అయితే, మీ రాష్ట్రం ఒప్పుకుని, లెక్క కూడా కుదిరితే కట్టుకోవచ్చు. ఎందుకో చెప్పకుండా వద్దంటే ఎవరూ వినరు. నేనూ వినలేదు.

మేం అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటాం. మా మొదటి ట్రైలర్ నొగతో కలిపి 25 అడుగులు. ఆ ఏడు ఒక పాత 14 అడుగుల అల్యూమినియం బోటు కొన్నాం. అమ్మినాయనే మా ట్రైలర్ బంపర్‌కి ఒక హిచ్ (వెనక బండి తగిలించే అమరిక) బిగించి, "దీనికేం కాదు, ఈక బరువు" అన్నాడు. ఐ-75 హైవే మీద ఉత్తరానికి బయల్దేరి గేలార్డ్ ఊరి దగ్గర గ్యాస్ (ఇక్కడ పెట్రోలును అలాగే అంటారు) కోసం ఆగాం. మా ఆవిడ కాళ్లు సాగదీసుకుంటూ వెనక్కి వెళ్లి, అక్కణ్ణించే పిలిచింది. "ఏవండీ, ఇది పొద్దున కూడా ఇలాగే ఉందా?"

వెళ్లి చూస్తే బంపర్ మెలి తిరిగి, హిచ్ బాల్ వెనక్కి వాలిపోయి ఉంది. బంపర్‌ని ఫ్రేముకు అతికించిన చోట రంగు పెచ్చులూడి, వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత. వేలితో రుద్దాను. తుప్పు అంటలేదు. గీత లోపల లోహం కొత్త గిన్నెలా మెరుస్తోంది. అంటే ఆ చీలిక పాతది కాదు, ఆ పొద్దుటిదే. ఇంకో గంట నడిపి ఉంటే ఏమయ్యేదో ఊహించే ధైర్యం నాకిప్పటికీ లేదు.

బోటును అక్కడే ఒక స్టోరేజ్‌లో వారానికి అద్దె కట్టి వదిలేశాం. మర్నాడు మాకినా వంతెన ఎక్కాం. దాదాపు 5 మైళ్ల పొడవు, లోపలి లేను కింద నీళ్లు కనిపించే ఇనుప జాలీ, పక్కనుంచి గాలి. ఒక్క ట్రైలర్‌తోనే స్టీరింగ్ మీద అరచేతులు తడిసిపోయాయి. ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, అసలు అలాంటి ట్రైలర్ వెనక రెండోది కట్టడం మా రాష్ట్రంలో చట్టవిరుద్ధమని. తెలియక చేశాననుకోండి, అయినా తప్పు తప్పే.

ఇక పాఠంలోకి వద్దాం. ఊళ్లో ఎడ్లబండికి బస్తాలు ఎత్తినవాళ్లకు ఇది సగం వచ్చేసినట్టే. ఇరుసుకు వెనకవైపు బరువు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి ఎడ్ల మెడల మీంచి తేలిపోతుంది. అప్పుడు రైతు దిగి రెండు బస్తాలు ముందుకు జరుపుతాడు. ట్రైలర్‌దీ అదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద ఉండాలని పోయినసారి చెప్పుకున్నాం. బోటు నొగ వచ్చి కూర్చునేది మీ ట్రైలర్ ఇరుసుకు బాగా వెనక, తోక చివర. అది తోకను కిందికి నొక్కిన కొద్దీ ముందు నొగ తేలుతుంది.

ఎంత తేలుతుంది? మా పాత ట్రైలర్ అంకెలే తీసుకుందాం. బాల్ నుంచి ఇరుసుల మధ్యదాకా 16 అడుగులు, అక్కణ్ణించి వెనక హిచ్‌కి 9 అడుగులు. బరువు 5,000 పౌండ్లు, నొగ బరువు 600, అంటే 12 శాతం. బోటు, దాని ట్రైలర్, మోటారు, బ్యాటరీ, గ్యాస్ డబ్బా అన్నీ కలిపి 750 పౌండ్లు, దాని నొగ 90 పౌండ్లు. ఈ 90ని 9తో గుణించి 16తో భాగిస్తే సుమారు 51. ముందు నొగ 600 నుంచి 549కి దిగింది, అంటే 11 శాతం. పర్వాలేదనిపిస్తుంది.

ఇప్పుడు అదే చోట 2,400 పౌండ్ల బాస్ బోటు (చేపలు పట్టే పెద్ద మోటారు బోటు) పెట్టండి. దాని నొగ 240. లెక్క వేస్తే ముందు నుంచి 135 పౌండ్లు పోతాయి. మిగిలింది 465, అంటే 9.3 శాతం. గీత దాటాం. అదీ బండి నిలబడి ఉన్నప్పటి అంకె. గుంతలో పడి లేచినప్పుడు బోటు నొగ తన బరువుకన్నా గట్టిగా గుద్దుతుంది, ఆ క్షణానికి ముందు నొగ ఇంకా తేలిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఒక తెలివైన ఆలోచన వస్తుంది. బోటులో సామాను వెనక్కి జరిపి బోటు నొగ బరువే తగ్గిస్తే? తగ్గించండి, అప్పుడు ఊగేది బోటు. ముందుదాన్ని కాపాడబోతే వెనకది చెడుతుంది, వెనకదాన్ని సరిచేస్తే ముందుది తేలుతుంది. ఈ ముడి విప్పడానికి దారి ఒకటే: బోటు తేలికగా ఉండాలి, ముందు ట్రైలర్ నొగ బోటు కట్టకముందే 13, 14 శాతం దగ్గర ఉండాలి. ఇంకో సంగతి కూడా మర్చిపోకండి. బోటు నొగ 90, ముందు నుంచి వెనక్కి వచ్చిన 51, రెండూ కలిపి 141 పౌండ్లు మీ ట్రైలర్ ఇరుసుల మీద పడతాయి. టైర్లు ఇప్పటికే అంచున ఉంటే అక్కడే ఆగిపోవాలి.

నిజానికి కిందికి నొక్కే బరువుకన్నా నన్ను భయపెట్టేది పక్కకి లాగే బలం. చిన్నప్పుడు చొక్కాలు పట్టుకుని రైలాట ఆడి ఉంటారు. ఇంజను కుర్రాడు కాస్త మలుపు తిరిగితే మధ్యవాళ్లు ఒంగుతారు, చివరివాడు మాత్రం గోడకి కొట్టుకుంటాడు. పద్దెనిమిది చక్రాల లారీ మిమ్మల్ని దాటేటప్పుడు దాని గాలి ముందు మీ ట్రైలర్ తోకను తోస్తుంది, తర్వాత ముక్కును. ఆ ఊపు బోటు దగ్గరికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ట్రైలర్ సర్దుకుని కుడికి వస్తున్నప్పుడు బోటు ఇంకా ఎడమకి పోతూ ఉంటుంది. ఆ లాగుడు పడేది ట్రైలర్ చిట్టచివర, అంటే మీటకు బలం ఎక్కువుండే చోట.

ఫిఫ్త్ వీల్‌లో తేడా ఇక్కడే. దాని ముందు భాగం ట్రక్కు తొట్టిలో, సరిగ్గా వెనక ఇరుసు మీదో కాస్త ముందో కూర్చుంటుంది. మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం అక్కడ పడుతుంది. బోటు కొంచెం లాక్కున్నా ఇంకా చాలా మిగులుతుంది. పైగా ట్రక్కు తోకను పక్కకి తిప్పడానికి దానికి మీట దొరకదు. మామూలు ట్రైలర్ బాల్ ట్రక్కు వెనక ఇరుసుకు నాలుగైదు అడుగుల వెనక ఉంటుంది. అందుకే ట్రైలర్ ఊగితే ట్రక్కూ ఊగుతుంది.

చట్టాలు రాసినవాళ్లూ ఈ తేడా చూశారు. మిషిగన్‌లో పికప్, దాని వెనక ఫిఫ్త్ వీల్, దాని వెనక బోటు అయితేనే ఒప్పుకుంటారు. మొత్తం పొడవు 75 అడుగులు దాటకూడదు. డ్రైవింగ్ లైసెన్సు మీద 'ఆర్' ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) ఉండాలి. దానికి 18 ఏళ్లు నిండి, సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో రాత పరీక్ష పాసవ్వాలి. పేరు చూసి కంగారు పడకండి, మన ఆర్టీవో ఆఫీసు పనే అక్కడ జరిగేది. మినెసోటాలోనూ మధ్యది ఫిఫ్త్ వీలే అవ్వాలి, పొడవు 70 అడుగుల లోపు. మినియాపోలిస్ చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7 మధ్య ఇలాంటి బండి రోడ్డెక్కకూడదు. కొన్ని రాష్ట్రాల్లో అసలు కుదరదు. కాబట్టి దారిలో తగిలే ప్రతి రాష్ట్రం నిబంధన బయల్దేరే ముందే చూసుకోవాలి. సరిహద్దు దాటాక పోలీసు ఆపితే "మా రాష్ట్రంలో ఓకే అండీ" అన్నది పనికిరాని మాట.

వెనక హిచ్ సంగతి. ట్రైలర్ బంపర్ మూత తీసి లోపలికి చూడండి. చాలా ట్రైలర్లలో అదొక నాలుగంగుళాల చదరపు రేకు గొట్టం, లోపల మురుగు పైపు దూర్చి పెట్టి ఉంటుంది. పైపు దాచుకోవడానికి చేసినదానికి బోటు కడితే ఏమవుతుందో గేలార్డ్‌లో చూశాను. హిచ్‌ని ఫ్రేముకే బిగించాలి. ఆ ఫ్రేముకు అంత తాకిడి తట్టుకునే సత్తా ఉందని ట్రైలర్ తయారీదారు కాగితం మీద చెప్పాలి. నోటిమాట చాలదు. ట్రక్కు వైపు లెక్కలో రెండు ట్రైలర్ల బరువూ కలిపి చూడాలి. సేఫ్టీ చైన్లు కప్లర్ (బాల్‌ను పట్టుకునే నొగ కొన) కింద ఒకదాన్నొకటి దాటేలా వేయండి, నొగ ఊడితే ఉయ్యాలలా పట్టుకుంటాయి.

బ్రేకుల దగ్గర కొంచెం నిదానిద్దాం. ట్రావెల్ ట్రైలర్‌వి కరెంటు బ్రేకులు, ట్రక్కులోని కంట్రోలర్ చెప్తే పడతాయి. బోటు ట్రైలర్‌కి బ్రేకులుంటే ఎక్కువగా సర్జ్ బ్రేకులు: ముందు బండి నెమ్మదించినప్పుడు బోటు వచ్చి గుద్దుకుంటే, ఆ ఒత్తిడికే అవి పడతాయి. చిన్న బోట్లకు చాలావాటికి అసలు ఉండవు. ట్రైలర్ ఊగడం మొదలైతే కాలు నెమ్మదిగా యాక్సిలరేటర్ మీంచి తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, కంట్రోలర్ మీద ఉన్న చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలని నాలుగో పాఠంలో సాధన చేశాం. ఒక్క ట్రైలర్ ఉంటే ఆ మీట ట్రైలర్‌ను వెనక్కి లాగి గీతలో పెడుతుంది. దాని వెనక బ్రేకుల్లేని బోటు ఉంటే, అదే క్షణంలో అది తోకను ముందుకి తోస్తుంది. మన దగ్గరున్న ఒకే ఒక్క మందు సగమే పనిచేస్తుందన్నమాట. అందుకే ఊగకుండా చూసుకోవడమే అసలు పని. నేను 60 మైళ్లు దాటను. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనీ.

ఇక బోటు. ముక్కు దగ్గర వించ్ పట్టీ (బోటును ట్రైలర్ మీదికి లాగే పట్టీ) ఒక్కటే నమ్ముకోవద్దు. ముక్కుకు వేరే చైను, వెనక రెండు మూలలకూ పట్టీలు ఉండాలి. కింద నీళ్లు పోయే బిరడా తీసేసి నడపండి. వాన పడితే నీళ్లు మోటారు దగ్గర చేరతాయి. 20 గ్యాలన్లు నిలిచాయంటే సుమారు 167 పౌండ్లు తోకలో పడ్డట్టే, మీరు కష్టపడి కట్టిన నొగ లెక్క వానపాలు. ఆ బిరడాని ట్రక్కు తాళాలతో పాటే కట్టుకోండి, బోటును నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర మళ్లీ పెట్టకపోతే ఇంకో కథ అవుతుంది.

బోటు ట్రైలర్ చక్రాలు బుల్లివి. 8 అంగుళాల చక్రం 60 మైళ్ల వేగంలో నిమిషానికి సుమారు 1,250 సార్లు తిరుగుతుంది, ట్రావెల్ ట్రైలర్ చక్రం 700 చిల్లర. ఆ వేడంతా బేరింగుల మీదే. ఆగిన ప్రతిసారీ చక్రం మధ్యనుండే హబ్ దగ్గరికి అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపును తీసుకెళ్లి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే గ్రీజు అయిపోవస్తోందనో, బేరింగు పోతోందనో అర్థం. కాలుతున్న హబ్‌ని తిన్నగా చెరువులో దించితే చల్లబడుతూ లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది, కాబట్టి ర్యాంపు దగ్గర కాసేపు ఆగండి.

టైరు పగిలినా మీకు తెలియదు. ట్రైలర్ చాటున బోటు అద్దాల్లో కనబడదు, బరువు తక్కువ కాబట్టి ట్రక్కుకు తేడా అందదు. వెనక కెమెరా పెట్టించుకోండి. ఇందులో పిసినారితనం వద్దు.

రివర్స్ గురించి ఎక్కువ చెప్పను. ఒక కీలు ఉంటేనే నేర్చుకోవడానికి మనకు రెండు వారాలు పట్టింది. రెండు కీళ్లతో నాలుగడుగులు వెళ్లేసరికి బోటు అడ్డం తిరుగుతుంది. లారీలు ఆగే గ్యాస్ స్టేషన్లు, ముందు నుంచి దూరి వెనక నుంచి పోయే క్యాంపు సైట్లు చూసుకోండి. ఇరుక్కుంటే టెన్షన్ పడకుండా దిగి, చక్రాలకు అడ్డాలు పెట్టి, బోటు ఊడదీయండి. 750 పౌండ్లు చదునైన చోట ఇద్దరు మనుషులు తోస్తే కదులుతుంది.

మీ హోమ్‌వర్క్: బాల్ నుంచి ఇరుసుల మధ్యదాకా, అక్కణ్ణించి వెనక బంపర్‌దాకా టేపుతో కొలవండి. బోటు నొగను త్రాసు మీద పెట్టండి, గ్యాస్ డబ్బా నింపి, ఐస్ పెట్టె అందులోనే ఉంచి. పైన చూపిన భాగహారం చేసి, వచ్చిన శాతం నోట్‌బుక్‌లో రాయండి. ఫిఫ్త్ వీల్ ఉండి పదిహేను కన్నా తక్కువ వచ్చినవాళ్లకు, అసలు ఫిఫ్త్ వీల్ లేనివాళ్లకు వచ్చే పాఠం పనికొస్తుంది. అందులో 14 అడుగుల బోటును పికప్ తొట్టి మీద రాక్ వేసి ఎక్కించడం చూద్దాం. మేమిప్పుడు అలాగే తీసుకెళ్తున్నాం. మోటారు మాత్రం విడిగా దించాలి, దానికి ఇంకొకరి సాయం కావాలి.